సత్యమూర్తి కథ ఎవరింట్లో మిగిలింది?

దివిసీమ చివర, కృష్ణ సముద్రంలో కలిసే దగ్గర పాలకాయతిప్ప ఉంది. 1977 నవంబర్ 19 ఉప్పెన ఈ తీరాన్ని ఊడ్చేసింది. పోయిన మనుషులకు, గొడ్లకు, గుడిసెలకు సర్కారు ఏదో ఒక లెక్క కట్టింది. ట్రంకుపెట్టెల్లో ఉన్న కాగితాలకు లెక్కేముంది? అసలు మన పేటల్లో ఎన్ని ఇళ్లలో కాగితాలుండేవి? భూమి ఉన్నవాడికి కరణం దస్త్రంలో తాత పేరు దొరుకుతుంది. కాపులకు గోత్రాలు చెప్పడానికి పిచ్చకుంట్లవాళ్లు ఉన్నారు. నాట్లేసిన మన తాతమ్మ పేరు మాత్రం ఇంట్లో ముసలమ్మల నోట బతకాల్సిందే.

ఈ మాట వచ్చినప్పుడల్లా మాకు ఇదే డెల్టాలో, ఎగువన గుడివాడ ప్రాంతంలో 1931లో పుట్టిన కె.జి. సత్యమూర్తి గుర్తొస్తారు. శివసాగర్ అంటే మన విద్యార్థులు చప్పున గుర్తుపడతారు. కవిగా, విప్లవకారుడిగా ఆయన అందరివాడు. కానీ ఆయన ఎక్కణ్ణుంచి వచ్చాడో పార్టీ పత్రాలు చెప్పవు. ఇంట్లోవాళ్లు చెప్పారు.

ఆ ఇంటి కథ ప్రకారం పూర్వీకులు ఖమ్మం వైపు అడవుల్లో తిరిగిన జనం. తెల్లదొరలు టేకు కోసం అడవి ఖాళీ చేయిస్తే దిగువకొచ్చి, నీళ్లున్నచోట బీడు కొట్టుకుని సాగు చేసుకున్నారు. శిస్తులు, అప్పులు చుట్టుకుని ఆ భూమి చేజారింది. అప్పుడు కూలీలయ్యారు, ఊరి దృష్టిలో అంటరానివాళ్లయ్యారు. అంటే ముందు భూమి పోయింది, తర్వాత కులం అంటుకుంది. ఇంత పెద్ద సంగతి ఒక ఇంటి ముచ్చట్లలో దొరకడం మామూలు విషయం కాదు.

కెనడా బాప్టిస్టు మిషనరీల వల్ల ఆ ఇంటికి చదువొచ్చింది. తల్లి చిన్నప్పుడే పోయింది, తండ్రి దూరమయ్యాడు. సత్యం, తమ్ముడు క్యారీ, చెల్లెలు మంజుల అవ్వ మార్తమ్మ దగ్గర పెరిగారు. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలకు వెళ్లిన సత్యానికి చదువుతోపాటు ఆకలీ తెలిసింది, కమ్యూనిజమూ తెలిసింది. తర్వాత వరంగల్ దగ్గర సెయింట్ గాబ్రియల్ స్కూల్లో పంతులు. అక్కడే కొండపల్లి సీతారామయ్య హిందీ పంతులు. ఆయనదీ గుడివాడ తాలూకానే, జొన్నపాడు. ఒకే తాలూకా, కానీ పుట్టిన వీధులు వేరు. 1980 ఏప్రిల్‌లో పీపుల్స్‌వార్ పుట్టినప్పుడు ఇద్దరూ ముందున్నారు. సీతారామయ్య జైల్లో ఉండగా పార్టీ పగ్గాలు సత్యమూర్తి చేతికొచ్చాయి.

పార్టీలోనూ పనులు కులాన్ని బట్టే పంచుతున్నారని దళిత యువకులు ఆయనకు మొరపెట్టుకున్నారు. మంగలి కులంవాడు గడ్డాలు గీయాలి, చాకలి కులంవాడు బట్టలుతకాలి, మనోళ్లు ఊడవాలి. ఆయన ఆ ప్రశ్న పైకి తెచ్చారు. పార్టీని చీలుస్తున్నావన్నారు, బయటికి పంపారు. కారంచేడు తర్వాతి దళిత ఉద్యమంలో ఆయన గొంతు వినపడింది. ఆయన ఉన్నట్టుండి కులం వైపు తిరిగాడని కొందరు రాశారు. ఇంటి కథ తెలిసినవాళ్లు ఆ మాట అనలేరు.

ఆ కథను కూడగట్టింది చెల్లెలు మంజుల కూతురు సుజాత గిడ్ల. కాకినాడలో పెరిగి, వరంగల్ ఆర్‌ఈసీలో చదివి, అమెరికా వెళ్లి, న్యూయార్క్ సబ్‌వేలో కండక్టరుగా పనిచేసిన మనిషి. మేనమామనూ అమ్మనూ కూర్చోబెట్టి అడిగారు, విన్నారు, మళ్లీ అడిగారు. మాకు నచ్చేదేమిటంటే, మేనమామకు గుడి కట్టలేదు. భార్యాపిల్లల్ని వదిలి అజ్ఞాతంలోకి వెళ్లిన మనిషి వెనక ఇల్లు ఏమైందో కూడా రాశారు. లెక్చరరై, పిల్లల్ని పెంచుకుంటూ ఊరూరా ఉద్యోగాల కోసం తిరిగిన మంజుల కథ అన్న కథతో సమానంగా నిలిచింది. సభల్లో అన్న పేరు చెప్పేవాళ్లలో ఎందరికి చెల్లెలి పేరు తెలుసు?

ఆ పుస్తకం, యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్, 2017లో న్యూయార్క్‌లో అచ్చయింది. గుడివాడ అవ్వ సంగతులు ముందు ఇంగ్లీషులో చదవాల్సి రావడం మనకు కొంచెం సిగ్గే. సత్యమూర్తి 2012 ఏప్రిల్ 17న, కృష్ణా జిల్లాలోనే కన్నుమూశారు. అచ్చయిన పుస్తకాన్ని ఆయన చూడలేదు.