హెవెసీ పెట్టిన గుర్తు

ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని కార్యదర్శి గారు అడిగారు. నాకు వెంటనే జార్జి డి హెవెసీ గారు గుర్తుకొచ్చారు. కారణం మా తమ్ముడు.

వాడికి మూడేళ్ళు విరేచనాలు, ఉన్నట్టుండి ముఖం కందిపోవడం. గ్యాసు అన్నారు, వయసు అన్నారు. చివరికి కాలేయంలో మచ్చలు కనబడ్డాయి. ముక్క తీసి పరీక్షిస్తే న్యూరోఎండోక్రైన్ కణితి అని తేలింది. అయితే అది పుట్టిన చోటు మామూలు స్కానులో దొరకలేదు. దాన్ని వెతికే దారికి పునాది వేసినది హెవెసీ గారే.

ఆయన 1885 ఆగస్టు 1న బుడాపెస్టులో జన్మించారు. 1911లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ గారి వద్ద చేరారు. సీసంలో కలిసివున్న రేడియం-డిని వేరుచేయమని గురువు గారి ఆజ్ఞ. ఎంత శ్రమించినా కుదరలేదు. ఎందుకంటే అదీ ఒక రకం సీసమే. విడదీయలేకపోతే దాన్నే సీసానికి గుర్తుగా వాడుకుందామని ఆయనకు తోచింది. గుర్తు ఎక్కడుంటే సీసం అక్కడ ఉన్నట్లే! ఖజానా కార్యాలయంలో లెక్క కలవని రోజున మేము వోచరుపై ఎర్ర పెన్సిలుతో టిక్కు పెట్టి, రిజిస్టర్ల వెంట పోయేవాళ్ళం. ఇదీ అలాంటిదే.

పూటకూళ్ళింట్లో మిగిలిన మాంసం మళ్ళీ వడ్డిస్తున్నారని అనుమానించి, దానిలో ఇదే గుర్తు కలిపి ఇంటావిడను పట్టుకున్నారని కూడా చెబుతారు.

1923లో చిక్కుడు మొక్కల్లో సీసం ప్రయాణాన్ని, 1935లో ఎలుకల్లో ఫాస్ఫరస్ ప్రయాణాన్ని ఇలాగే కనిపెట్టారు. 1940లో జర్మన్ సేనలు కోపెన్‌హాగన్‌లో ప్రవేశించినప్పుడు, ఇద్దరు జర్మన్ శాస్త్రజ్ఞుల నోబెల్ బంగారు పతకాలను ద్రవరాజంలో కరిగించి అలమరలో ఉంచారు. సైనికులకు అది దొరకలేదు. యుద్ధం ముగిశాక ఆ బంగారంతోనే పతకాలు మళ్ళీ చేయించారు. 1943లో ఆయన స్వీడన్‌కు తప్పించుకుపోయారు. ఆ సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి ఆయనదే. 1966 జూలై 5న జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో కన్నుమూశారు.

మా తమ్ముడికి చేసిన గాలియం పెట్ స్కాన్ ఆయన చూడలేదు. ఇలాంటి కణితుల్లో చాలా వాటి కణాలపై, సొమాటోస్టాటిన్ అనే హార్మోనును పట్టుకునే కొక్కేల వంటివి ఎక్కువగా ఉంటాయట. ఆ హార్మోనును పోలిన పదార్థానికి గాలియం-68 తగిలించి నరంలోకి ఎక్కించారు. అది పోయి కణితిని పట్టుకుంది. చిన్నపేగులో శనగగింజంత చోటు తెరపై వెలిగింది. గాలియం బలం సుమారు 68 నిమిషాలకే సగమవుతుంది కనుక ఒంట్లో ఎక్కువ సేపు నిలవదని డాక్టరు గారు మాకు ధైర్యం చెప్పారు.

పేగుకు ఆపరేషన్ జరిగింది. నెలకొక ఇంజెక్షన్ నడుస్తోంది. జబ్బు పూర్తిగా పోలేదు. కానీ తమ్ముడు సంక్రాంతికి మా ఇంటికి వచ్చి, పంక్తిలో కూర్చుని భోంచేశాడు. ఆ పూట నేను మనసులో హెవెసీ గారికి దణ్ణం పెట్టుకున్నాను.

మిత్రులారా, నెలల తరబడి తగ్గని కడుపు బాధను వయసు మీదికి నెట్టి ఊరుకోకండి.