అయ్యగారి సాంబశివరావుగారు

మదనపల్లెలోను కుప్పములోను ఇంజనీరింగు కళాశాలలు వెలసిన కాలమిది. పుంగనూరు వంటి చిన్న పట్టణములనుండియు యువకులు విద్యుచ్ఛాస్త్రమున, కంప్యూటరు శాస్త్రమున పైచదువులకై అమెరికా పోవుచున్నారు. ఈ దారి ఇంకను కాలిబాటగా నున్న దినములలో నడచి, చదివి, మరలివచ్చినవారు డాక్టరు అయ్యగారి సాంబశివరావుగారు.

వారు 1914లో భీమవరము చెంతనున్న మోగల్లు గ్రామమున జన్మించిరి. కాశీ హిందూ విశ్వవిద్యాలయమున ఎం.ఎస్సీ. పట్టమొంది, అచ్చటనే కొన్నేండ్లు పాఠములు చెప్పిరి. 1946లో టాటా విద్యార్థివేతనముతో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకేగి, విద్యుత్ ఇంజనీరింగున మాస్టరు పట్టము గైకొనిరి. 1948లో హోమీ భాభాగారి టాటా మౌలిక పరిశోధన సంస్థలో చేరిరి. విశ్వకిరణములను కొలుచు పరికరములు నాడు మన అంగళ్ళలో దొరకునవి కావు. కావలసినవారు స్వయముగా కూర్చుకొనవలసినదే. స్టాన్‌ఫర్డు చదువునకు అసలు పరీక్ష ఇచ్చటనే మొదలైనదనవలెను.

1956 ఆగస్టు 4వ తేదీన ట్రాంబేలో అప్సర యను అణు రియాక్టరు పనిచేయనారంభించెను. దాని ఇంధనము బ్రిటనునుండి వచ్చినది. నియంత్రణ పరికరములను మాత్రము సాంబశివరావుగారి బృందము ఇచ్చటనే నిర్మించెను. రియాక్టరులోని న్యూట్రానుల ఉధృతిని క్షణక్షణము కొలుచుచు, అది హద్దు మీరబోవగనే శోషక దండములను దింపుట ఆ పరికరముల పని. అవి ఏమరినచో ప్రమాదమే. అట్టి బాధ్యతను విదేశీయులకు విడువక తలకెత్తుకొనుట సామాన్యమైన సాహసము కాదు.

1963లో భాభాగారి అధ్యక్షతన ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ సంఘమున వారొక సభ్యులు. 1966లో భాభాగారు విమాన ప్రమాదమున గతించిరి. మరుసటి యేట హైదరాబాదున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను (ఇ.సి.ఐ.ఎల్.) అవతరింపగా, తొలి మేనేజింగు డైరెక్టరు పదవి సాంబశివరావుగారిని వరించెను. 12 బిట్ల టి.డి.సి.-12 కంప్యూటరు 1969లో వెలువడెను, తరువాత టి.డి.సి.-316 వచ్చెను.

ఈ మార్గము నిష్కంటకము కాలేదు. దిగుమతులపై ఆంక్షలున్న ఆ కాలమున, కంప్యూటరు కావలసిన సంస్థలు వేచియుండలేక విసిగినవి. స్వదేశీ యంత్రములు విదేశీ యంత్రములకు తీసికట్టనియు, వెల అధికమనియు విమర్శలు వచ్చినవి. అవి అన్నియు నిరాధారములనుటకు వీలులేదు. కాని యంత్రమును కొనిన దేశమునకు యంత్రమే దక్కును. దానిని నిర్మించు చేతులు దక్కవు. ఆ కర్మాగారమున పని నేర్చినవారే అనంతరము హైదరాబాదు పరిసరములందలి పెక్కు ఎలక్ట్రానిక్స్ పరిశ్రమలకు ఊపిరి పోసిరి.

1965లో భట్నాగరు పురస్కారమును, 1972లో పద్మభూషణమును పొందిన సాంబశివరావుగారు 1978లో పదవీ విరమణ గావించి, 2003లో కన్నుమూసిరి. సంస్థకు చేరువనున్న ఎ.ఎస్. రావు నగరు వారి పేర వెలసినదే.