బ్రౌను దొరయు, రోగముల పేళ్ళును

భిలాయి ఉక్కునగరమున కాపురముండు ఆంధ్ర కుటుంబములకు ఒక చిన్న ఇక్కట్టు సుపరిచితము. బిడ్డకు తామర సోకినచో వైద్యునితో దాద్ అని చెప్పవలెను. గజ్జి యన్నచో చాలదు, ఖుజలీ యనవలెను. దద్దురులు లేచినవని చెప్పబోయిన తల్లి మాట దాద్ వలె వినబడుటయు కలదు. రెండును వేరు వ్యాధులు. ఒంటి బాధను పరభాషలో చెప్పుకొనుట కష్టము. పరులు తమ భాషలో చెప్పినదానిని విని గ్రహించుట అంతకన్న కష్టము. ఈ రెండవ కష్టమును జీవితమంతయు భరించి, తాను విన్న మాటలను తెలుగువారికే తిరిగి అప్పగించిన మహనీయుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను.

బ్రౌను 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతబోధకుడు, ప్రాచ్యభాషాభిమాని. ఆయన కుమారునకు బాల్యముననే హీబ్రూ, అరబ్బీ, పారసీక, హిందూస్తానీ భాషలను నేర్పించెను. 1812లో తండ్రి మరణింపగా కుటుంబము ఇంగ్లండు చేరెను. హెయిలీబరీ కళాశాలలో కంపెనీ కొలువునకు శిక్షణ పొంది 1817 ఆగస్టులో బ్రౌను మద్రాసున దిగెను. అప్పటికి ఆయనకు తెలుగు ఒక్క ముక్కయు రాదు. వెలగపూడి కోదండరామ పంతులు ఆయనకు అక్షరములు దిద్దించిన గురువు.

1820లో కడపలో ఉద్యోగము ప్రారంభమైనది. పిదప మచిలీపట్టణము, రాజమహేంద్రవరము. కచేరీలో దొర యెదుట నిలిచిన రైతు కావ్యభాష మాటాడడు గదా! దెబ్బలాటలో తగిలినది గాయమో, జఖమో, పాత పుండో తేలనిదే తీర్పు చెప్పరాదు. నేర్చుకొన్న తెలుగునకును, చెవిన పడు తెలుగునకును గల దూరమును బ్రౌను గుర్తించినది ఇట్టి కొలువులలోనే. వేమన పద్యములపై ఆయనకు కలిగిన మక్కువకును ఇదియే మూలమనిపించును. వానిని ఆంగ్లానువాదముతో 1829లో ప్రకటించెను. కడపలో బంగళా కొని, జూలూరి అప్పయ్య మొదలగు పండితులను తన జీతముతో పోషించి తాళపత్ర గ్రంథములకు ప్రతులు వ్రాయించెను. ఈ వ్యయమునకై అప్పులపాలయ్యెను.

1832-33లో గుంటూరు మండలమును డొక్కల కరువు కబళించినది. పైయధికారులు కొరత యనుటకు ఇష్టపడిన దానిని బ్రౌను కరువనియే వ్రాసెను. ఆ మాట వారికి రుచింపలేదు. 1834లో ఉద్యోగమును పోయినది. కీడునకు మెత్తని పేరు పెట్టుట ఆయనకు చేతకాలేదు. ఇంగ్లండున నుండగా ఇండియా హౌసులో మూలబడియున్న రెండువేలకు పైగా దక్షిణభారత గ్రంథములను కనుగొని మద్రాసుకు తరలించు ఏర్పాటు చేసెను. కొన్ని సంవత్సరములకు పారసీకభాషానువాదకుడుగ తిరిగి మద్రాసు చేరెను; తండ్రి నేర్పిన చదువు ఇట్లు అక్కరకు వచ్చినది.

ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852-53 ప్రాంతమున వెలువడినది. పండితులు కావ్యములలో లేని మాటను మాటగా ఎంచని కాలమది. బ్రౌను నిఘంటువులో గజ్జి, చిడుము, తామర, బొల్లి, పులిపిరి మొదలగునవి కావ్యశబ్దముల సరసన కూర్చున్నవి. చిత్రమేమనగా, తామర యను ఒక్క మాటయే సరస్సులోని పూవునకును ఒంటిమీది వ్యాధికిని చెల్లినది. గజ్జికి కన్నడమున కజ్జి యని జ్ఞాతి యున్నది. కుష్ఠము సంస్కృతము, ఆ పేరు పలుకుటకు జంకి జనులు పెద్దరోగమనిరి. మశూచికమును అమ్మవారనిరి. భయమును ఇట్లు క్రొత్త పేళ్ళను పుట్టించును. ఇట్టి మాటలు తెలియని వైద్యునకు గాని, న్యాయాధికారికి గాని పల్లెవాని గోడు సగమే అర్థమగును.

ఇక అరబ్బీ మాటల సంగతి. ఇందొక విశేష మున్నది. ఒంటిమీది వ్యాధుల పేళ్ళు చాలవరకు దేశ్యములుగనో, సంస్కృతములుగనో నిలిచినవి. చికిత్స వెంట మాత్రము పరభాష ప్రవేశించినది. హకీము అరబ్బీ, మలాము అరబ్బీలోని మర్‌హమ్. జఖము పారసీకము, మచ్చకు చెప్పు డాగును పారసీకమే. వ్యాధినామములలో ముఖ్యమైన మినహాయింపు ఫిరంగి రోగము. పోర్చుగీసు వారి రాక తరువాత వ్యాపించిన మేహవ్యాధిని 16వ శతాబ్దిలో భావమిశ్రుడు తన భావప్రకాశమున ఫిరంగరోగమనెను. ఐరోపావారిని అరబ్బులు ఇఫ్రంజ్ అనిరి, పారసీకులు ఫరంగ్ అనిరి. ఆ పేరే మన భాషలో తుపాకిమందు కూరి కాల్చు గొట్టమునకును, ఈ వ్యాధికిని కూడ అంటుకొన్నది.

ఇట్టి అన్యదేశ్యములకై బ్రౌను 1854లో మిశ్రభాషా నిఘంటువును వేరుగ ప్రకటించెను. కచేరీ, భూమి, వ్యాపార వ్యవహారముల మాటలకు అది తాళపుచెవి. అయినను వేరు సంపుటమగుట ఒక లోపమే యనవలెను. మలాము పూసికొను వానికి అది అరబ్బీ యని ఎట్లు తెలియును? ఏ సంపుటమున వెదకవలెనో తెలియుటకే ముందు నిఘంటువు కావలసివచ్చును. 1903లో కందుకూరి వీరేశలింగము ప్రభృతులు సంస్కరించిన ప్రతిలో అన్యదేశ్యములు హిందూస్తానీ గుర్తుతో తెలుగు మాటల నడుమనే కనబడును.

బ్రౌను ఉద్యోగము విరమించి లండను చేరి, 1865లో అచ్చటి విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడయ్యెను. అవివాహితుడుగనే 1884 డిసెంబరు 12న కన్నుమూసెను. ఆయన సేకరించిన తాళపత్రములు మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమున చేరినవి. కడపలో ఆయన బంగళా యున్న చోట జానుమద్ది హనుమచ్ఛాస్త్రి కృషితో ఆయన పేరిట గ్రంథాలయము వెలసినది; నేడది భాషాపరిశోధన కేంద్రము.