రోగి వెంట వచ్చినవారు: డాక్టరు అన్నా కుగ్లర్ జీవితము

కర్నూలు జిల్లా పడమటి అంచున, బళ్ళారి సీమకు ఆనుకొని హాలహర్వి యున్నది. ఇటువంటి పల్లెలో ఒక యింటి పెద్దాయన, ప్రొద్దు గ్రుంకగానే లేచి, ఇరువదియేండ్ల క్రిందట అమ్మివేసిన ఎద్దులకు నీరు పెట్టవలెనని బయలుదేరును. తుంగభద్ర దిగువ కాలువ గట్టు ఎక్కునేమోయని కోడలు వెంట పరుగెత్తును. చేయి పట్టుకొన్న కోడలిని ఆయన ఎవరవని అడుగును. ఆమెకు పగలు పత్తిచేను, రాత్రి యీ కాపలా. ఊరివారు పెద్దాయనను చూచి జాలిపడుదురు. కోడలు కంటినిండ నిద్రపోయి ఎన్నాళ్ళయినదో అడుగువారు అరుదు.

ఈ స్థితిని వైద్యులు డిమెన్షియా యందురు. ఇది ముసలితనమున సహజముగా వచ్చు మరపు కాదు. మెదడును క్షీణింపజేయు వ్యాధుల ఫలము. మన దేశమున 60 ఏండ్లు దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి ఇది యున్నదని 2023లో వెలువడిన ఒక పరిశోధన అంచనా వేసినది. దీనిని పూర్తిగా కుదుర్చు మందు నేటికిని లేదు. మందు లేనిచోట మిగులునది సేవ. ఆ సేవ చేయువారే కూలిపోయినచో రోగికి దిక్కెవరు? రోగితోపాటు, వెంట నున్నవారిని గూడ తలచుకొన్న ఒక ఆసుపత్రి గుంటూరులో వెలసినది. దానిని నెలకొల్పిన డాక్టరు అన్నా సారా కుగ్లర్ చరిత్ర అందుకే నేడు స్మరింపదగినది.

ఆమె 1856 ఏప్రిల్ 19న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున, ఆర్డ్‌మోరులో జన్మించెను. స్త్రీలు వైద్యవిద్య నభ్యసించుటయే వింతగా నున్న కాలమది. ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో చదివి 1879లో పట్టము పొందెను. పిమ్మట నారిస్‌టౌన్‌లోని మానసిక చికిత్సాలయమున, స్త్రీల విభాగములో సహాయ వైద్యురాలుగా పనిచేసెను. ఆ విభాగమునకు అధికారిణి డాక్టరు ఆలిస్ బెన్నెట్. మతి చలించినవారిని గొలుసులతోను, బిగుతు చొక్కాలతోను బంధించు ఆచారమును తొలగించి, వారికి చేతిపనులు కల్పించిన వైద్యురాలామె. అల్జీమరు పండితుడు తన పేర పిలువబడు వ్యాధిని వర్ణించినది 1906లో. అంతకు మునుపు జ్ఞాపకము నశించిన వృద్ధులలో అనేకులకు ఇట్టి చికిత్సాలయములే గతి. మనస్సు చెదరినను మనిషి మనిషియే యను సత్యమును కుగ్లర్ తొలి కొలువులోనే చూచెను.

గుంటూరునుండి ఒక లూథరను మిషనరీ వ్రాసిన లేఖ ఆమె దారిని మార్చినది. పురుష వైద్యుల కంటబడక, ఘోషాలో మ్రగ్గుచున్న స్త్రీలకు వైద్యురాలు కావలెనని దాని సారాంశము. 1883లో ఆమె గుంటూరు చేరెను. మిషను వారు ఆమెను మొదట వైద్యమునకు నియమింపలేదు. బోధన పనులే అప్పగించిరి. అయినను, పిలిచినవారి యింటికి పోవుట ఆమె మానలేదు. మొదటి సంవత్సరమే 185 మందికి వారి యిండ్లలోను, 276 మందికి తన నివాసముననే చికిత్స చేసెను. 1885లో గాని ఆమె వైద్యసేవకు అధికారికమైన అనుమతి రాలేదు.

అన్యదేశీయురాలు, అన్యమతస్థురాలు తాకిన మందు పుచ్చుకొనుటకు ఆనాడు అనేకులు జంకిరి. ఆ శంకను ఆమె వాదముతో గాక ఓర్పుతో జయించెను. 1898లో స్త్రీలకును శిశువులకును ఆసుపత్రి తెరువబడినది.

ఆ ఆసుపత్రి చరిత్రలో మనము విశేషముగా గుర్తుంచుకొనవలసినది ఒక సత్రము. ఏలూరు జమీందారును కవియునైన రాజా మంత్రిప్రెగడ భుజంగరావుగారు, తమ కుటుంబమునకు డాక్టరు కుగ్లర్ చేసిన వైద్యమునకు కృతజ్ఞతగా, రోగుల బంధువులు దిగుటకై దానిని కట్టించిరి. మన దేశమున రోగి ఒంటరిగా ఆసుపత్రికి రాడు. తల్లియో, అత్తయో, మూటతో వెంట వచ్చును. ఆదోనికో బళ్ళారికో రొట్టెల మూటతో పోయి, వసారాలో రాత్రులు గడిపిన మన పడమటి పల్లెలవారికి ఈ మాట వివరింప నక్కరలేదు. రోగికి మంచమెంత అవసరమో, వెంట వచ్చినవారికి నీడ అంత అవసరము. క్రైస్తవ వైద్యశాల చెంత హిందూ జమీందారు కట్టించిన ఆ సత్రము, సేవకు మతపు గోడలు లేవని గూడ చాటినది.

క్రీస్తు చెప్పిన మంచి సమరయుని కథ పాఠశాల పిల్లలకును తెలిసినదే. దొంగల చేత గాయపడినవానిని సమరయుడు సత్రమునకు చేర్చుట అందరికిని గుర్తుండును. కాని సత్రపువానిని మనము మరతుము. సమరయుడు ఒక రాత్రి సేవచేసి ప్రయాణము సాగించెను. పిమ్మటి దినములన్నియు రోగిని కనిపెట్టినది సత్రపువాడు. సమరయుడు అతనికి సొమ్మిచ్చి, ఇంకను ఖర్చయినచో తిరిగి వచ్చి తీర్చెదనని మాట ఇచ్చెను. సేవకునకు తోడుపడుట గూడ ఆ ధర్మములో భాగమే.

ప్రభుత్వము ఆమెను 1905లో కైసరె హింద్ పతకముతో గౌరవించినది. కడపటి కాలమున తీవ్రమైన రక్తహీనత బాధించినను ఆమె పనిని విడువలేదు. 1930 జూలై 26న, తాను నెలకొల్పిన ఆసుపత్రియందే కన్నుమూసెను. 47 ఏండ్లు పరులను కనిపెట్టిన ఆమెను తుదకు పరులు కనిపెట్టిరి. ఆ వైద్యశాలకు ఆమె పేరు నిలిచినది.

హాలహర్విలో అట్టి సత్రము కట్టుట మనకు సాధ్యము కాకపోవచ్చును. కాని, పొరుగింటి పెద్దాయన చెంత ఒక గంట కూర్చుండుట విద్యార్థికి సాధ్యమే. ఆయన లేని ఎద్దులను గూర్చి అడిగినచో నవ్వక, ఎదురు వాదింపక, ఆ ఎద్దుల కథనే చెప్పించుకొనవలెను. ఆ గంటసేపు కోడలు కన్ను మూసికొనును. ఆమెకు అదియే సత్రము.