పులికూనను పెంచిన అటవీ అధికారి

క్లాసులో పులి పాఠం వచ్చిందంటే పిల్లలు మొదట అడిగేది ఒకటే: పులిని ఇంట్లో పెంచుకోవచ్చా అని. పెంచినవాళ్లు ఉన్నారు. అదీ ఎక్కడో దూరదేశంలో కాదు, మన పక్కనున్న ఒడిశాలోనే. ఆయన పేరు సరోజ్ రాజ్ చౌధురి. సర్కస్ యజమాని కాదు, జమీందారు కాదు, అటవీ అధికారి.

1973లో కేంద్ర ప్రభుత్వం ప్రాజెక్ట్ టైగర్ మొదలుపెట్టినప్పుడు తొమ్మిది అడవులను ఎంచుకుంది. మయూర్‌భంజ్ జిల్లాలోని సిమిలిపాల్ వాటిలో ఒకటి. దానికి మొదటి ఫీల్డ్ డైరెక్టర్ చౌధురి. నేల మీద పడిన పాదముద్రలను బట్టి పులులను లెక్కపెట్టే పద్ధతిని తయారుచేసిందీ ఆయనే. 1972లో దేశమంతా ఆ పద్ధతిలోనే లెక్క తీస్తే 1,827 పులులు తేలాయి. ఇప్పుడైతే కెమెరాలు వచ్చాయి. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు కాబట్టి ఫొటో చూసి ఒక్కోదాన్నీ గుర్తుపడుతున్నారు.

1974 అక్టోబరు 5న ఖడియా గిరిజనులు ఒక ఆడ పులికూనను తెచ్చి ఆయనకు అప్పగించారు. ఖైరీ నది దగ్గర దొరికిందట, తల్లి లేదు. నది పేరే దానికి పెట్టారు. జశీపూర్‌లోని ఆయన ఇంట్లో దాన్ని కన్నబిడ్డలా సాకింది నిహార్ నళిని. ఇక్కడ ఒక మాట చెప్పాలి. పులిపాలలో కొవ్వు, మాంసకృత్తులు ఆవుపాలలో కంటే చాలా ఎక్కువ. ఊరికే ఆవుపాలు పట్టిస్తే కూనకు బలం చాలదు, పైగా కడుపు చెడిపోతుంది. ఏది ఎంత పెట్టాలి, ఎప్పుడు మాంసం మొదలుపెట్టాలి, ఇదంతా రోజూ చూసుకోవాల్సిన పని. పసిబిడ్డను పెంచిన మీకు వేరే చెప్పనక్కర్లేదు.

ఖైరీ బతికింది. ఇంట్లోనే తిరుగుతూ పెద్దపులి అయింది. ఆ ఇంట్లోనే ఎలుగుబంటి, దుమ్ములగొండి కూడా ఉండేవి. చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చేవారు. కోల్‌కతా శాస్త్రవేత్త రతన్ లాల్ బ్రహ్మచారి మాత్రం వాసన కోసం వచ్చారు. పులులు తమ హద్దు తెలిపేందుకు చెట్ల మీద చిమ్మే ద్రవం ఆయన పరిశోధన. అడవిలో ఏ పులి దగ్గరికి వెళ్లి ఆ పని చేయగలం? ఖైరీ దగ్గర వీలైంది. బాస్మతి బియ్యానికి సువాసననిచ్చే పదార్థమే పులి ద్రవంలోనూ ఉందని తరువాత ఆయన బృందం తేల్చింది. నాకైతే ఈ కథలో అన్నిటికంటే నచ్చిన సంగతి ఇదే.

అయితే ఖైరీ అడవి పులి కాలేకపోయింది. అడవి పక్కనే ఉన్నా దానికి తోడు దొరకలేదు, పిల్లలు పుట్టలేదు. దాని లోకమంతా మనుషులే. కెన్యాలో జాయ్ ఆడమ్సన్ దంపతులు పెంచిన ఎల్సా అనే ఆడసింహం వేటాడటం నేర్చుకుని అడవిలో పిల్లల్ని కన్నది. ఆ దంపతులు దాన్ని అడవికి అలవాటు చేయడానికి నెలల తరబడి కష్టపడ్డారు. చౌధురి ప్రేమలో లోటేమీ లేదు. ఆ ప్రేమే ఖైరీని ఇంటికి కట్టేసిందని నా అభిప్రాయం.

ఇప్పుడు అటవీశాఖ మొదట తల్లి కోసం వెతుకుతుంది. 2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్ద గుమ్మడాపురం దగ్గర నాలుగు ఆడ పులికూనలు దొరికినప్పుడు, వాటిని తల్లి దగ్గరికి చేర్చాలని రాత్రింబవళ్లు ప్రయత్నించారు. తల్లి రాలేదు. చివరికి తిరుపతి జూకి తరలించారు. కూనలకు మనిషి అలికిడి ఎంత తక్కువైతే అంత మంచిదన్నది ఇప్పటి పద్ధతి.

మన అనకాపల్లి వైపు పులులు లేకపోయినా చెరకు తోటలున్నాయి. అడవిపిల్లులు అలాంటి చోట్ల కూనల్ని పెడతాయి. చెరకు కొట్టేటప్పుడు కూనలు కనబడితే తల్లి వదిలేసిందనుకుని పిల్లలు ఇంటికి తెచ్చేస్తారు. తల్లి దగ్గరలోనే ఎక్కడో దాక్కుని ఉంటుంది, మనుషులు వెళ్లిపోయాక వచ్చి నోట కరచుకుని తీసుకుపోతుంది. ఒకవేళ రాకపోతే అటవీశాఖకు చెప్పాలి. 1972 చట్టం ప్రకారం వాటిని ఇంట్లో పెంచుకోవడం నేరం.

ఖైరీ కథ 1981లో ముగిసింది. పిచ్చికుక్క కరిచిన తరువాత ఇచ్చిన మత్తుమందు ఎక్కువై అది చనిపోయిందంటారు. మరుసటి ఏడాదే, 1982లో, చౌధురి కన్నుమూశారు. 1983లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ప్రకటించింది. ఖైరీ గురించి ఆయన రాసిపెట్టుకున్నది 1999లో ఇంగ్లీషులో పుస్తకంగా వచ్చింది.