మదనపల్లెలో ఒక బుధవారం సాయంత్రం

మనమంతా ఆరో తరగతి నుంచి రోజూ ఉదయం బడి ముందు వరుసల్లో నిలబడి జనగణమన పాడినవాళ్లమే. గొంతు బాగున్న నలుగురిని ముందు నిలబెట్టేవారు, మిగతావాళ్లం వెనక నుంచి అందుకునేవాళ్లం. ఆ పాట వరుసను కాగితం మీద పెట్టింది మన పక్కనే ఉన్న మదనపల్లెలో అని మాకు చాలాకాలం తెలియదు. పుంగనూరు నుంచి రోజూ బస్సెక్కి మదనపల్లె బి.టి. కాలేజీలో డిగ్రీ చదివినవాళ్లం మాలో కొందరం ఉన్నాం. మాకు కూడా మొదటి సంవత్సరం సగం గడిచాకే తెలిసింది. తర్వాత కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయంలో పీజీకి చేరినప్పుడు, ఆ పని చేసిన మార్గరెట్ కజిన్స్ ఎవరా అని లైబ్రరీలో వెతికి చదివాం. చదివింది మన సంచికలో రాయాలనిపించింది.

ఆవిడ ఐర్లండు దేశంలో రాస్‌కామన్ జిల్లా బాయిల్ అనే చిన్న ఊళ్లో 1878లో పుట్టారు. పుట్టింటి పేరు గిలెస్పీ. ఇంట్లో పెద్ద కూతురు, వెనక చాలామంది తమ్ముళ్లూ చెల్లెళ్లూ. స్కాలర్‌షిప్ తెచ్చుకుని డబ్లిన్ వెళ్లి సంగీతం నేర్చుకున్నారు. 1902లో సంగీతంలో పట్టా పుచ్చుకుని టీచరయ్యారు. స్కాలర్‌షిప్ మీద చదివారన్న ఆ ఒక్క మాట దగ్గరే ఆవిడ మనకు చుట్టం అయిపోయారు. 1903లో జేమ్స్ కజిన్స్ అనే కవిని పెళ్లి చేసుకున్నారు.

అప్పట్లో అక్కడ ఆడవాళ్లకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటు లేదు. 1908లో హన్నా షీహీ స్కెఫింగ్టన్‌తో కలిసి ఐరిష్ మహిళల ఓటు హక్కు సంఘం పెట్టారు. 1910లో లండన్‌లో మంత్రుల ఇళ్ల కిటికీ అద్దాలు పగలగొట్టినందుకు హాలోవే జైల్లో నెల రోజులున్నారు. 1913లో డబ్లిన్ కోట అద్దాలు పగలగొట్టి మళ్లీ జైలుకు పోయారు. అక్కడ నిరాహారదీక్ష కూడా చేశారు. పియానో ముందు కూర్చోవాల్సిన టీచరమ్మ ఇలాంటి పనులు చేశారంటే మాకు మొదట నమ్మబుద్ధి కాలేదు.

1915లో భార్యాభర్తలిద్దరూ అనిబిసెంట్ పిలుపు మీద మద్రాసు వచ్చారు. జేమ్స్ గారు ఆమె పత్రిక న్యూ ఇండియాలో పని చేసేవారు. 1916లో ఐర్లండు తిరుగుబాటును మెచ్చుకుంటూ వ్యాసం రాయడంతో ఆ ఉద్యోగం పోయింది. అప్పుడు వచ్చిన ఊరు మదనపల్లె. 1915లో మొదలైన దివ్యజ్ఞాన కళాశాలలో ఆయన సాహిత్యం చెప్పారు, తర్వాత ప్రిన్సిపాల్ అయ్యారు. మార్గరెట్ గారు ఖాళీగా కూర్చోలేదు. గడప దాటడం అలవాటు లేని ఆడవాళ్లను ఒకచోట చేర్చి అబలా అభివర్ధినీ సమాజం అని నడిపారు. రెండుసార్లు జైలుకెళ్లినావిడ నడిపే సంఘానికి అబల అన్న పేరేమిటో మాకు అర్థం కాలేదు కానీ, ఆ చిన్న సమాజపు అనుభవం తర్వాతి పెద్ద పనికి దారి వేసింది. 1917 మే 8న అడయారులో అనిబిసెంట్, డొరతీ జినరాజదాస వంటివారితో కలిసి భారత మహిళా సంఘం స్థాపించారు. అదే ఏడాది డిసెంబరులో సరోజినీ నాయుడు నాయకత్వాన మహిళల బృందం మాంటేగును కలిసి ఓటు అడిగింది. ఆ వినతిపత్రం తయారీలో మార్గరెట్ గారి చెయ్యి ఉంది.

ఇక ఆ బుధవారం సంగతి. మదనపల్లె కాలేజీలో బుధవారం రాత్రి భోజనాలయ్యాక విద్యార్థులు, అధ్యాపకులు ఒకచోట కూర్చుని పాటలు పాడుకునే అలవాటు ఉండేది. దానికి సిలబస్ లేదు, మార్కులు లేవు. ఎవరికి వచ్చింది వాళ్లు పాడటమే. 1919 ఫిబ్రవరి చివర్లో రవీంద్రనాథ్ ఠాగూర్ దక్షిణాది పర్యటనలో ఉండి, విశ్రాంతికని మదనపల్లె వచ్చి కజిన్స్ దంపతుల అతిథిగా ఉన్నారు. ఆ వారం పాటల కూటానికి ఆయన కూడా వచ్చి కూర్చున్నారు. పిల్లల పాటల మధ్య తానూ ఒకటి పాడతానని జనగణమన ఎత్తుకున్నారు. అప్పటికి ఆ పాట పుట్టి ఏడేళ్లు దాటింది. 1911 డిసెంబరులో కలకత్తా కాంగ్రెస్ సభలో మొదటిసారి పాడారు. అయినా దక్షిణాదిలో పెద్దగా ఎవరికీ తెలియదు. జేమ్స్ గారు తర్వాత రాసుకున్న దాన్నిబట్టి, పల్లవి దగ్గరికి వచ్చేసరికి పిల్లలు తామే గొంతు కలిపారట. భాష తెలియని పాటకు గొంతు కలపడం ఎలా ఉంటుందో ఆరో తరగతిలో మొదటిరోజు హిందీ ప్రార్థన పాడిన మనకు వేరే చెప్పక్కర్లేదు.

మర్నాటి నుంచి మార్గరెట్ గారి పని మొదలైంది. రాగం ఠాగూరుదే. అయితే ఒకరి గొంతులో ఉన్న పాటను వందమంది ఒకే తీరున పాడాలంటే దాన్ని స్వరాలుగా రాసి పెట్టాలి. ఆవిడ ఆ పని చేశారు. ఆవిడ రాసిన స్వరాలను ఠాగూరు ఒప్పుకున్నారు. ఫిబ్రవరి 28న ఠాగూరు అక్కడే పాటను ఇంగ్లీషులోకి మార్చి తన చేతిరాతతో ఇచ్చారు. ఆయన వెళ్లిపోయాక కూడా కాలేజీ పిల్లలు దాన్ని రోజువారీ ప్రార్థనగా పాడుతూ వచ్చారు. రాజ్యాంగ సభ దాన్ని జాతీయగీతం చేసింది 1950 జనవరి 24న. అంటే ముప్పై ఏళ్ల ముందే మన పక్క ఊరి విద్యార్థులు దాన్ని తమ పాట చేసుకున్నారు.

1919-20లో ఆవిడ మంగళూరు జాతీయ బాలికల పాఠశాలకు మొదటి ప్రధానోపాధ్యాయురాలుగా పని చేశారు. 1920ల మొదట్లో మద్రాసులో మేజిస్ట్రేట్ అయ్యారు, ఈ దేశంలో ఆ పదవిలో కూర్చున్న మొదటి మహిళ ఆవిడే. 1926లో మద్రాసు శాసనమండలి ఎన్నికలకు మంగళూరు అమ్మాయి కమలాదేవి చట్టోపాధ్యాయను నిలబెట్టి ప్రచారం చేశారు. కమలాదేవి కొద్ది ఓట్లతో ఓడిపోయారు గానీ, ఆడపిల్ల పోటీ చేయవచ్చని ఊరంతా చూసింది. 1927 జనవరిలో పూనాలో మొదలైన అఖిల భారత మహిళా సభ వెనక కూడా ఆవిడే. ఆడపిల్లల చదువు గురించి మాట్లాడటానికే ఆ సభ పుట్టింది.

ఇక్కడ ఒక మాట దాచకుండా రాయాలి. 1921లో మద్రాసు రాష్ట్రంలో ఆడవాళ్లకు వచ్చిన ఓటు ఆస్తి ఉన్నవాళ్లకే. ఆ మహిళా సంఘాల్లో కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది ఇంగ్లీషు చదువుకున్న పెద్దింటివాళ్లు. కూలికి పోయిన మా ముత్తవ్వలకు ఆ ఓటూ లేదు, ఆ కుర్చీలూ లేవు. వాళ్ల దాకా ఓటు రావడానికి 1950 నాటి రాజ్యాంగం, అంబేద్కర్ గారు కావలసి వచ్చింది. మార్గరెట్ గారిని దేవతను చేయడం మా ఉద్దేశం కాదు. కానీ పరాయి దేశం నుంచి వచ్చి, 1932లో ప్రభుత్వ అణచివేత ఆర్డినెన్సులకు వ్యతిరేకంగా మద్రాసులో బహిరంగంగా మాట్లాడి, మనకు దగ్గరలోనే ఉన్న వేలూరు జైలుకు పోయినావిడను తక్కువ చేసి కూడా రాయలేం.

1940ల్లో పక్షవాతం వచ్చి ఆవిడ మంచాన పడ్డారు. 1950లో భార్యాభర్తలిద్దరూ కలిసి రాసిన ఆత్మకథ ఉయ్ టూ టుగెదర్ వెలువడింది. 1954 మార్చి 11న ఆవిడ కన్నుమూశారు. జేమ్స్ గారు 1956లో మదనపల్లెలోనే పోయారు.

తమ్ముళ్లూ, మేము ఏడో తరగతిలో ఉన్నప్పుడు మన హాస్టల్లో శనివారం రాత్రి బాలసభ జరిగేది. అధ్యక్షుడు, కార్యదర్శి అంతా మనమే. సంగటి తిన్న చేతులు కడుక్కుని వచ్చి కూర్చునేవాళ్లం. మైకు లేదు, పప్పు గరిటె పట్టుకుని మాట్లాడేవాళ్లం. మాలో ఒకడు మూడు వారాలు లేచి నిలబడి ఒక్క మాటా రాక కూర్చుండిపోయాడు. నాలుగో వారం మాట్లాడాడు. ఈరోజు వాడు ఇంటర్వ్యూల్లో తడబడడు. పదో తరగతి ఫలితాల కోసం ఆ గంటను కూడా స్టడీ అవర్‌లో కలిపేశారని, ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు కూడా అదే వర్తిస్తుందని ఈ మధ్య వచ్చినప్పుడు తెలిసింది. ఫలితాలు కావాలి, కాదనం. ఆ ఒత్తిడి ఎలాంటిదో మాకూ తెలుసు.

అందుకే పూర్వ విద్యార్థులమంతా మాట్లాడుకుని, ఈ వార్షికోత్సవం రోజున వార్డెన్ గారికి ఒక అర్జీ ఇవ్వబోతున్నాం. చిన్న తరగతుల వరకైనా శనివారం భోజనాలయ్యాక ఒక గంట బాలసభకు తిరిగి ఇవ్వమని. నెలకొకసారి మాలో ఇద్దరం వచ్చి కూర్చుంటాం. డప్పు, కంజీర మేమే తెస్తాం. అధ్యక్షుడిని మాత్రం మీరే ఎన్నుకోండి.