పొట్లపూడి పొణకావారి యిల్లు – శ్రీమతి కనకమ్మగారు

నెల్లూరు సీమలో పెద్ద మండువాలును, నిండిన గాదెలును గల యిండ్లు పెక్కు కలవు. అందు పొట్లపూడి గ్రామమున పొణకావారి యిల్లు ప్రఖ్యాతి వహించుటకు ఆ యింటి కోడలు కనకమ్మగారే ముఖ్యకారణము.

కనకమ్మగారు 1892 సం॥ జూన్ 10వ తేదీన మినగల్లు గ్రామమున మరుపూరు కొండారెడ్డి, కామమ్మ దంపతులకు జన్మించిరి. బాల్యముననే శ్రీ పొణకా సుబ్బరామిరెడ్డిగారిని వివాహమాడి పొట్లపూడి కేతెంచిరి. ఆ కాలమున సంపన్నగృహముల స్త్రీలకు గడప దాటుట యాచారము కాదు. బడి ముఖ మెరుగని యీమె అత్తవారింటనే స్వయంకృషిచే తెలుగు, సంస్కృతము, హిందీ నేర్చిరి.

తాను నేర్చినది తనతో నిలిచిపోరాదని తలచి, 1907 సం॥ ప్రాంతమున పొట్లపూడిలో సుజనరంజనీ సమాజమును, పిదప వివేకానంద గ్రంథాలయమును నెలకొల్పుటకు తోడ్పడిరి. ఊరి వెలుపలి వాడల పేదలకును ఆ సమాజము సేవచేసెను.

పెన్నానదీతీరమున పల్లెపాడులో దిగుమర్తి హనుమంతరావుగారు, చతుర్వేదుల వెంకటకృష్ణయ్యగారు ఆశ్రమము స్థాపింప నుద్యమింపగా, కనకమ్మగారు 13 ఎకరముల భూమి నొసగిరి. 1921 సం॥ ఏప్రిల్ 7వ తేదీన గాంధీమహాత్ములు పినాకినీ సత్యాగ్రహాశ్రమమునకు ప్రారంభోత్సవము చేసిరి. ఖాదీ నూలు వడకుటయు, అస్పృశ్యతానివారణమును అచటి ముఖ్యకార్యములు.

ఆమె కృషిలో తలమానికము బాలికావిద్య. 1923 సం॥న నెల్లూరిలో కస్తూరిదేవీ విద్యాలయమును స్థాపించిరి. 1929 సం॥న విద్యాలయ భవనమునకు గాంధీమహాత్ములే శంకుస్థాపన మొనర్చిరి. ఉప్పుసత్యాగ్రహ కాలమున ఆమె కారాగారవాసమును కూడ అనుభవించిరి.

ఈ సేవలన్నిటికి వ్యయమైనది ఆ యింటి సిరియే. పొలములు తరిగినవి, ఐశ్వర్యము సన్నగిల్లెను. ఏకైక పుత్రిక వెంకటసుబ్బమ్మ యకాలమరణము ఆ మాతృహృదయమును క్రుంగదీసెను. అయినను ఆమె విద్యాలయమును విడువలేదు. భగవాన్ రమణమహర్షి సన్నిధిని మనశ్శాంతి నొందిరి. కనకపుష్యరాగమను పేర స్వీయచరిత్రమును వ్రాసి, 1963 సం॥ సెప్టెంబరు 15వ తేదీన పరమపదించిరి.

సోదరసోదరీమణులారా! పూర్వుల గృహవైభవమును తలచి గర్వించుట మనకు సహజమే. కాని పొణకావారి యింటికి కీర్తి తెచ్చినది కూడబెట్టిన ధనము కాదు, ఆ గడప దాటి పేదవాడకును, పాఠశాలకును చేరిన ధనమే. ఆ కోడలికి బాల్యమున దొరకని బడిని ఆమెయే వేలకొలది బాలికలకు కట్టి యిచ్చిరి. మన యిండ్లలోని యే బాలికకును చదువు కొరవడకుండ చూచుటయే ఆ మహనీయురాలి యెడ మనము నెరపదగిన కృతజ్ఞత.